చదవని అధ్యాయాల బాకీ

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది రేపల్లె దగ్గర పల్లె. పుట్టింటివారు, అత్తింటివారు అందరూ లూథరన్ సంఘస్థులే. పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చి ఉప్పల్‌లో ఉంటున్నాం. బేగంపేటలోని ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీలే. రెండేళ్ల క్రితం మామగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ఆయన స్నానం, తిండి, మందులు అన్నీ నేనే చూస్తాను.

మా కాలనీలో ఒక ప్రార్థన గుంపు ఉంది. వేర్వేరు సంఘాలవాళ్లం కలిసి ఏడాదిలో బైబిలు పూర్తి చేయాలని జనవరిలో మొదలుపెట్టాం. రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదివి, తెల్లవారుజామున ఐదింటికల్లా వాట్సాప్‌లో 'పూర్తయింది' అని పెట్టాలి. మార్చి నుంచి నేను వెనకబడ్డాను. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని వారం బాకీ అంతా గబగబా తిప్పేస్తున్నాను. ఏం చదివానో గుర్తుండదు. గుంపు నడిపే అక్క, "లూథర్ అంతటివాడు రోజుకు మూడు గంటలు ప్రార్థించేవాడు, నీకు అరగంట దొరకదా? వాక్యాన్ని అశ్రద్ధ చేస్తే ఇంట్లో ఆశీర్వాదం ఆగిపోతుంది" అన్నారు. మామగారికి నయం కాకపోవడం నావల్లేనేమో అని భయంగా ఉంది. మా వారేమో, "రక్షణ విశ్వాసంవల్లే, క్రియలవల్ల కాదు. కన్ఫర్మేషన్‌లో నేర్చుకోలేదా? ఇవన్నీ ఎందుకు?" అంటారు. తండ్రి గదిలోకి కూడా పెద్దగా రారు. ఆయన మాట నిజమే అనిపిస్తుంది, యాకోబు పత్రిక చదివితే మళ్లీ గుండె గుభేలుమంటుంది. ఇంతకీ సత్క్రియలు కావాలా, అక్కరలేదా? ధ్యానం కూడా చేయలేని నాది నిజమైన విశ్వాసమేనా? మామగారికి చదివి వినిపిస్తే ఆయనకు అర్థమవుతుందా?
— ఒక సహోదరి, ఉప్పల్

సమాధానం: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలకన్నా ముందు, ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యంలో రాసి దాటేసిన భయాన్ని తేల్చాలి. మీ మామగారికి నయం కాకపోవడానికి, మీరు చదవని అధ్యాయాలకు ఏ సంబంధమూ లేదు. ఓదార్పు కోసం ఈ మాట అనడం లేదు. లేఖనం చెప్పేది ఇదే. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపఫలమని శిష్యులు అడిగినప్పుడు, "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని యేసు ప్రభువు ఆ లెక్కనే తోసిపుచ్చారు (యోహాను 9:3). మెదడులో రక్తనాళం పూడుకుపోతే ఏమవుతుందో, పోయిన బలం కొందరిలో కొంతే ఎందుకు తిరిగి వస్తుందో వార్డులో రోగుల బంధువులకు విడమరిచి చెప్పే మనిషి మీరు. సొంత ఇంటి విషయానికి వచ్చేసరికి ఆ మాట చాలడం లేదంటే, దేవుణ్ణి ఎవరో మీ ముందు వడ్డీ వ్యాపారిగా నిలబెట్టారన్నమాట. వాయిదా తప్పితే ఇంటి పెద్దాయన మీద కసి తీర్చుకునే వ్యాపారిగా. క్రీస్తులో మనం చూసిన తండ్రి అలాంటివాడు కాడు.

పదహారో శతాబ్దపు జర్మన్ సంస్కర్త, మన సంఘానికి పేరు ఇచ్చిన మార్టిన్ లూథర్ గురించి ఆ అక్కగారు చెప్పింది కల్పన కాదు. 1530లో ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తి ఎదుట మన విశ్వాస ప్రమాణాన్ని చదివి వినిపించిన రోజుల్లో, సామ్రాజ్య బహిష్కరణకు గురైన లూథర్ అక్కడికి వెళ్లే వీలు లేక కోబర్గ్ కోటలో ఉండిపోయాడు. ఆయన వెంట ఉన్న ఫైట్ డీట్రిచ్ అనే యువకుడు, ఈయన రోజుకు మూడు గంటలకు తక్కువ కాకుండా ప్రార్థనలో గడుపుతున్నాడని ఒక ఉత్తరంలో రాశాడు. తన స్నేహితుల ప్రాణాలు, సంఘం భవిష్యత్తు ఏమవుతాయో తెలియని రోజులవి. కోట గోడల మధ్య నుంచి ఆయన చేయగలిగింది కూడా అదే. ఆ ప్రార్థన మనకు ఆదర్శమే. అయితే దాన్ని పన్నెండు గంటల రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి ముందు కొలబద్దగా పెట్టేవారు లూథర్ జీవితంలోని ఇంకో సంగతిని కూడా చెప్పాలి.

అది ఆయన సన్యాసిగా ఉన్ననాటి సంగతి. రోజులో ఏ వేళకు ఏ ప్రార్థన చదవాలో మఠం నియమం ఉండేది. పాఠాలు చెప్పడం, రాయడం ఎక్కువైన కొద్దీ ఆ ప్రార్థనలు వెనకబడేవి. ఒక వారానివి, ఒక్కోసారి రెండు మూడు వారాలవి పోగుపడేవి. అప్పుడు శనివారం పనులన్నీ మాని గది తలుపు వేసుకుని, కొన్నిసార్లు మూడు రోజులపాటు అన్నం నీళ్లు ముట్టకుండా, బాకీ మొత్తం చదివి తీర్చేవాడు. చివరికి తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. ఐదు రాత్రులు కన్ను మూతపడలేదు. చావుదాకా వెళ్లి వచ్చాడు. ఇదంతా తర్వాతి కాలంలో తన ఇంట భోజనానికి కూర్చున్న విద్యార్థులకు ఆయనే చెప్పాడు.

మీ ఆదివారం మధ్యాహ్నాలు గుర్తుకు రావడం లేదా? ఆ స్థితిలోంచి లూథర్‌ను బయటికి తెచ్చింది ఇంకా కట్టుదిట్టమైన దినచర్య కాదు. రోమా పత్రికలో "నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించును" అన్న మాట దగ్గర ఆయన ఏళ్ల తరబడి తల బద్దలు కొట్టుకున్నాడు. దేవుని నీతి అంటే మనల్ని నిలదీసి శిక్షించే నీతి అనే అనుకున్నాడు అంతవరకు. అది క్రీస్తును బట్టి దేవుడు పాపికి ఉచితంగా ఇచ్చే నీతి అని ఒకనాడు వెలిగింది. పరలోక ద్వారాలు తెరుచుకున్నట్టయిందని చనిపోవడానికి ఒక ఏడాది ముందు, 1545లో, రాశాడు. లూథరన్ బోధ అంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది. మనకూ దేవునికీ మధ్య ఇవ్వడం ఆయన వంతు, పుచ్చుకోవడం మన వంతు. వాక్యం చదవడం పుచ్చుకోవడంలోకి వస్తుంది. మీరు దాన్ని చెల్లింపుల్లో చేర్చుకున్నారు, అందుకే అది అంత బరువుగా ఉంది.

ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో ఎనిమిది, తొమ్మిది వచనాలు మనవాళ్లందరికీ కంఠతా వచ్చు: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు." మీ వారు కూడా అక్కడే ఆగారు. పదో వచనం చదవండి. మనం సత్క్రియలు చేయడానికే క్రీస్తుయేసునందు సృష్టింపబడ్డామనీ, ఆ క్రియలను దేవుడు ముందుగానే సిద్ధపరచి ఉంచాడనీ అక్కడ ఉంది. క్రియలవల్ల రక్షణ లేదు, రక్షణ పొందినవాడికి క్రియలు లేకపోవడమూ లేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

మరి ఆ సత్క్రియలు ఎక్కడ ఉన్నాయి? మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఇదే. మామగారి స్నానం, తిండి, మందులు అని మూడు మాటల్లో ముగించి, ధ్యానం చేయలేని నాది విశ్వాసమేనా అని వెంటనే మిమ్మల్ని మీరు బోనులో నిలబెట్టుకున్నారు. 1520లో లూథర్ సత్క్రియల గురించే ఒక పుస్తకం రాశాడు. అందులో ఆయన జనాన్ని ఒక ప్రశ్న అడుగుతాడు: మీ వృత్తి పని చేసుకోవడం, నడవడం, నిలబడడం, తినడం, తాగడం, నిద్రపోవడం ఇవి సత్క్రియలేనా? కాదంటారు వాళ్లు. గుడిలో ప్రార్థించడం, ఉపవాసం, దానం, ఇవే సత్క్రియలు అంటారు. ఆయన దీన్ని ఒప్పుకోడు. అన్నిటిలోకీ మొదటి సత్క్రియ క్రీస్తును నమ్మడం. ఆ నమ్మకంతో చేసినప్పుడు నేలమీది గడ్డిపోచ తీసినా దేవునికి ఇష్టమైన పనే. ఆ నమ్మకం లేకపోతే ఎంత పెద్ద పుణ్యకార్యమైనా వట్టిదే.

రెండేళ్ల తర్వాత వివాహ జీవితం గురించి రాస్తూ ఇంకా ముందుకు వెళ్లాడు. పసిబిడ్డ మలమూత్రాల గుడ్డలు ఉతికే తండ్రిని చూసి లోకం నవ్వవచ్చు, కానీ అతను విశ్వాసంతో ఆ పని చేస్తుంటే దేవుడు తన దూతలందరితో కలిసి సంతోషంతో చిరునవ్వు నవ్వుతాడని రాశాడు. పక్కగుడ్డలు మార్చే కోడలికి ఆ మాట వర్తించదా? కుడివైపు పట్టు లేని మనిషిని మెల్లగా పక్కకు తిప్పి, వీపు తుడిచి, పుండు పడకుండా చూసి, దిండు ఆనించి కూర్చోబెట్టి, మింగగలిగిన వైపు నుంచి చెంచాతో కొంచెం కొంచెం జావ పోసి, గొంతులోకి దిగిందో లేదో చూసి ఇంకో చెంచా పెట్టడం ఎంత ఓపిక కావాల్సిన పనో మీకు తెలుసు. దేవునికి మీ జావ అక్కరలేదు, మీ మామగారికి కావాలి. మన క్రియలు పైకి ఎక్కించి దేవుణ్ణి మెప్పించవలసినవి కావు, పక్కనున్న మనిషికి అందవలసినవి. క్రైస్తవుడు విశ్వాసంవల్ల ఎవరికీ దాసుడు కానంత స్వతంత్రుడు, ప్రేమవల్ల అందరికీ దాసుడు అన్నది లూథర్ అదే 1520లో రాసిన మరో చిన్న పుస్తకం సారాంశం.

ఇక మీ వారి మాట. ఆయన చెప్పినదాంట్లో ప్రతి అక్షరమూ సత్యమే. దాన్ని ఆయన వాడుతున్న తీరే తప్పు. ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణాన్ని రాసింది లూథర్ సహచరుడు ఫిలిప్ మెలాంక్తన్. నాలుగో అధికరణంలో మనం క్రియలవల్ల కాక విశ్వాసంవల్లే నీతిమంతులుగా తీర్చబడుతున్నామని చెప్పి, ఆరో అధికరణంలో ఆ విశ్వాసం మంచి ఫలాలు ఫలించి తీరాలని, దేవుడు ఆజ్ఞాపించిన సత్క్రియలు చేయాలని రాశాడు. లూథరన్లు సత్క్రియలను నిషేధిస్తున్నారని అప్పటికే పుకారు ఉండేది. ఇరవయ్యో అధికరణం ఆ నింద అబద్ధమనే మాటతోనే మొదలవుతుంది. మీ వారి మాట వింటే ఆ నింద నిజమేనని ఎవరైనా అనుకుంటారు, నాకు దిగులు కలిగించేది అదే.

ఇదే విషయంలో లూథర్ చనిపోయాక మన పెద్దలే రెండుగా చీలారు. సత్క్రియలు రక్షణకు అవసరం అన్నాడు జార్జ్ మేజర్. సత్క్రియలు రక్షణకు హానికరం అన్నాడు ఆమ్స్‌డోర్ఫ్. 1577లో కుదిరిన ఏకీభావ సూత్రం అనే లూథరన్ల ఒప్పంద పత్రం ఇద్దరి మాటలనూ తోసిపుచ్చింది. మొదటి మాట భయంతో ఉన్న మనస్సాక్షి నుంచి నిరీక్షణను లాగేసుకుంటుంది. రెండోది సోమరికి సాకు అవుతుంది. విశ్వాసి సత్క్రియలు చేయవలసిందే, కానీ రక్షణ వాటిమీద ఆనుకుని ఉండదు, బలవంతంగా కాక ఇష్టపూర్వకంగా చేస్తాడు అని పెద్దలు తేల్చారు. "సత్క్రియలు కావాలా, అక్కరలేదా" అన్న మీ ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నా దగ్గర లేదు: మీ రక్షణకు అక్కరలేదు, మీ పొరుగువాడికి కావాలి, దేవుడు వాటిని ఆజ్ఞాపించాడు.

యాకోబు పత్రిక విషయంలో లూథర్ ఇబ్బంది పడ్డ మాట వాస్తవం. 1522లో తన కొత్త నిబంధన ముందుమాటలో, పౌలు, యోహాను, పేతురు రాసినవాటి పక్కన పెట్టి చూస్తే ఇది గడ్డితో చేసిన పత్రిక అన్నాడు. తర్వాతి కాలపు బైబిలు ముద్రణల్లో ఆ వాక్యం లేదు. పత్రికను మాత్రం బైబిలులోంచి తీసేయలేదు. అదే ఏడాది రోమా పత్రికకు రాసిన ముందుమాటలో, విశ్వాసం సజీవమైనది, ఊరికే ఉండలేనిది, మంచి చేయాలా అని అడిగేలోపే చేసేసి ఉంటుంది అని రాశాడు. "క్రియలు లేని విశ్వాసము మృతము" అని యాకోబు అన్నదానికి ఇది ఎంత దూరంలో ఉంది?

మన బోధలో ధర్మశాస్త్రం, సువార్త అనే విభజన ఒకటి ఉంది: మనం ఏం చేయాలో దేవుడు ఆజ్ఞాపించే మాట ధర్మశాస్త్రం, క్రీస్తులో ఆయన ఉచితంగా ఇచ్చేదాన్ని చెప్పే మాట సువార్త. ఈ రెంటినీ కలగాపులగం చేయకుండా ఎవరికి ఏది ఎప్పుడు చెప్పాలో తెలుసుకోవడం వేదాంతంలో అన్నిటికన్నా కష్టమైన విద్య అని లూథర్ అభిప్రాయం. నిశ్చింతగా ఒళ్లు విరుచుకుంటున్నవాడికి ధర్మశాస్త్రం చెప్పాలి. భయంతో నలిగిపోతున్నవాడికి సువార్త చెప్పాలి. మీ ఇంట్లో ఇది తారుమారైంది. కృపను గురించిన వచనాలు మీ వారు తీసుకున్నారు, యాకోబు పత్రిక మీరు తీసుకున్నారు. మార్చుకోండి. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే" అన్నది మీకోసం. తిండి, బట్ట లేని సహోదరునితో శరీరానికి కావలసినవి ఇవ్వకుండా సమాధానంగా వెళ్లు, చలి కాచుకో అని చెప్పి పంపితే ఏం ప్రయోజనం అని అడిగే యాకోబు 2:15, 16 వచనాలు ఆయనకోసం.

అయితే వచనం చేతబట్టి ఆయన మీదికి వెళ్లకండి. భర్తకు భార్య ప్రసంగం చేస్తే వినడం అరుదు. పని పేరు పెట్టి అడగండి: "నా నైట్ డ్యూటీ ఉన్న వారాల్లో పొద్దున నాన్నగారి స్నానం మీరు చేయించండి. ఎలా చేయించాలో నేను చూపిస్తాను." తండ్రి గదిలోకి రాకపోవడం వెనక బద్ధకం ఒక్కటే ఉందని నేను అనుకోను. నాన్నను ఆ స్థితిలో చూడలేక తప్పించుకు తిరిగే కొడుకులు చాలామంది ఉంటారు. చేతికి పని చిక్కితే ఆ బెరుకు పోతుంది. మీకు ఒక గంట నిద్ర దక్కుతుంది. నిద్ర కూడా లూథర్ చెప్పిన సత్క్రియల వరసలో ఉందని మరచిపోవద్దు.

ఇప్పుడు ధ్యానం. ఇంతసేపు చెప్పినదాన్ని బట్టి వాక్యం పక్కన పెట్టేయవచ్చని అనుకుంటే నేను మీకు మేలు చేసినట్టు కాదు. పెట్టేయకండి. మీరు నమ్మినది మీ నోటినుంచి పుట్టింది కాదు, వినడంవల్ల కలిగింది. వినడం ఆగిపోతే ఆ భయమే మళ్లీ మాట్లాడడం మొదలుపెడుతుంది. అందుకే చదవాలి. ఎంత చదివామన్నది వేరే విషయం.

1539లో తన జర్మన్ రచనల సంపుటికి రాసిన ముందుమాటలో లూథర్, 119వ కీర్తన ఆధారంగా వాక్యం నేర్చుకునే దారిని మూడు మాటల్లో చెప్పాడు: ప్రార్థన, ధ్యానం, శోధన. నా తెలివితో ఇది నాకు అర్థం కాదు, నీవే నేర్పు అని అడగడం ప్రార్థన. ధ్యానమంటే ఆయన ఉద్దేశంలో కళ్లు మూసుకుని మౌనంగా కూర్చోవడం కాదు. పుస్తకంలో ఉన్న మాటనే నోటితో పైకి పలకడం, మళ్లీ పలకడం, అది ఏం చెబుతున్నదో పట్టి పట్టి చూడడం. మన పల్లెల్లో చదువు రాని అమ్మమ్మలు సండే స్కూలు పిల్లలతోపాటు వాక్యాలు కంఠతా పట్టి, నాట్లు వేస్తూ వాటినే పలుకుకునేవారు. వాళ్లు చేసింది ఆయన చెప్పిన ధ్యానమే. మూడోది శోధన. పుస్తకాల్లో చదివిన వాగ్దానం కష్టంలో నిలుస్తుందా అని తేలేది అక్కడ. ఆయన దాన్ని గీటురాయి అన్నాడు. రెండేళ్లుగా మంచం పక్కన మీరు ఉన్నది ఆ మూడో తరగతిలో. మొదటి రెండూ దానికి తోడు కావాలి, అంతే.

ఎలా చేయాలో తెలియదంటారా? 1535లో లూథర్ తనకు క్షవరం చేసే పీటర్ అనే మంగలి అడిగితే, పని చేసుకునేవాడు ఎలా ప్రార్థించాలో చెబుతూ ఒక చిన్న పుస్తకమే రాసి ఇచ్చాడు. పొద్దున లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు ప్రార్థన ఉండాలన్నాడు. ఒక్క గంట ఆగి చేద్దాంలే అన్న ఆలోచనను నమ్మవద్దన్నాడు. అదే చోట, అత్యవసరమైనప్పుడు కొన్ని పనులు ప్రార్థనంత మంచివి, అంతకన్నా మంచివి కూడా కావచ్చని రాశాడు. ప్రార్థనలో మనసు నిలపడం గురించి చెబుతూ, మంచి మంగలి కళ్లు కత్తి మీదే ఉండాలి, కబుర్లలో పడితే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుంది అన్నాడు. ఇంజక్షన్ మోతాదు చూసి ఎక్కించే మీకు ఈ మాట నాకన్నా బాగా అర్థమవుతుంది.

ఆ పీటర్ కథ కూడా మీరు తెలుసుకోవాలి. ఆ పుస్తకం వచ్చిన ఏడాదే, తాగిన మైకంలో భోజనాల బల్ల దగ్గర సొంత అల్లుణ్ణి కత్తితో పొడిచాడు. అల్లుడు చనిపోయాడు. లూథర్ అతని తరఫున వేడుకున్నాడు. మరణశిక్ష తప్పింది, ఆస్తి పోయింది, ఊరు విడిచిపోయాడు. లూథర్ అంతటివాడు చేతికిచ్చిన ప్రార్థన పుస్తకం కూడా మనిషిని పాపంలో పడకుండా కాపలా కాయలేదు. ధ్యానం చేస్తే ఇంటికి కీడు రాదనీ, మానేస్తే వస్తుందనీ చెప్పేవారికి ఇంతకన్నా ఏం చెప్పాలి? పడ్డవాణ్ణి కూడా వదలని కృప గురించే మన బోధ అంతా.

ఆ పుస్తకంలో లూథర్ ఒక్కో ఆజ్ఞను నాలుగు పేటల దండగా అల్లుకుంటాడు: ఇది నాకు ఏం నేర్పుతోంది, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏం ఒప్పుకోవాలి, ఏం అడగాలి. "నీ తండ్రిని నీ తల్లిని సన్మానించుము" అన్న ఆజ్ఞ తీసుకోండి. మన కేటకిజంలో, అంటే విశ్వాస పాఠాలను ప్రశ్న జవాబులుగా నేర్పే పుస్తకంలో, ఇది నాలుగోది. మీ గుంపులో కొందరు ఐదోది అని లెక్కపెడతారు, దాని గురించి వాదించకండి. నేర్పేది: ఈ మంచం మీద ఉన్న మనిషిని నాకు అప్పగించింది దేవుడే. కృతజ్ఞత: ఈయన నన్ను కోడలిగా ఇంటికి తెచ్చుకున్న రోజు, నాకు తండ్రిలా చేసిన మేళ్లు. ఒప్పుకోలు: నిన్న పక్క తడిపినప్పుడు విసుక్కున్నాను. అడగడం: రేపు విసుక్కోకుండా ఓపిక ఇవ్వు, ఆయనకు నొప్పి తగ్గించు, నా భర్త మనసు కదిలించు. దీనికి కొద్ది నిమిషాలు చాలు. మధ్యలో ఒక్క పేట దగ్గరే మనసు నిలిచిపోతే, మిగతావి వదిలేసి అక్కడే ఉండమని కూడా లూథర్ పీటర్‌కు చెప్పాడు. అది పరిశుద్ధాత్మ మాట్లాడే వేళ అని ఆయన నమ్మకం.

ఉప్పల్‌లో మెట్రో ఎక్కి బేగంపేటలో దిగేలోపు ఒక చిన్న కీర్తన రెండుసార్లు చదవవచ్చు. సీటు దొరక్కపోతే కంఠతా వచ్చినదాన్ని పలుకుకోండి. ఇరవై మూడో కీర్తనకు, ప్రభువు నేర్పిన ప్రార్థనకు పుస్తకం అక్కరలేదు. మార్చి నుంచి పేరుకున్న అధ్యాయాల జోలికి వెళ్లకండి. ద్వితీయోపదేశకాండం తర్వాత ఎప్పుడైనా తీరిక ఉన్నప్పుడు నిదానంగా చదువుకోవచ్చు. ప్రస్తుతానికి ఒక సువార్త పట్టుకోండి, మార్కు అయితే చిన్నది. తొమ్మిదో అధ్యాయంలో మూర్ఛరోగి తండ్రి, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అని అరుస్తాడు. నాది నిజమైన విశ్వాసమేనా అన్న మీ ప్రశ్నకు జవాబు ఆ తండ్రి దగ్గర ఉంది. ప్రభువు అతని విశ్వాసం ఎంతో కొలవలేదు, కొడుకును బాగుచేశారు. మన విశ్వాసం బలంగా ఉందా లేదా అని లోపలికి తొంగి చూసుకుంటూ కూర్చుంటే ఎప్పటికీ నెమ్మది దొరకదు. అది ఎవరిని పట్టుకుని ఉందో చూడాలి.

గుంపు విషయంలో కోపం వద్దు. మన గుంటూరు, గోదావరి జిల్లాల్లో గుడి గంట ఇంట్లోకి వినబడేది. ఇక్కడ చాలామందికి ఆదివారం ఆరాధనకు వెళ్లడమే ఒక ప్రయాణం. కాబట్టి కాలనీలోని ప్రార్థన గుంపే వారమంతా ఆసరా అవుతుంది. ఆ అక్కగారు మీ మేలు కోరే అన్నారని అనుకుందాం. ఒకరోజు ఇంటికి పిలవండి, మామగారి గదిలో కూర్చోబెట్టి టీ ఇవ్వండి, ఆయనకు పక్క మార్చే వేళ అయితే ఆమె ఎదుటే మార్చండి. తర్వాత చెప్పండి: "అక్కా, నేను మీతో కలిసి ప్రార్థిస్తాను, కానీ రోజూ 'పూర్తయింది' అని పెట్టను. చదివింది దేవునికి తెలుసు." ఆశీర్వాదం ఆగిపోతుందన్న మాట మాత్రం లేఖనంలో ఎక్కడ ఉందో చూపించమని మర్యాదగా అడగండి. అలా అడిగే హక్కు బాప్తిస్మం పొందిన ప్రతివారికీ ఉంది.

చివరగా మామగారు. ఆయనకు అర్థమవుతుందా అని అడిగారు. మాట పోయినవాళ్లందరికీ విన్నది అర్థం చేసుకునే జ్ఞానం పోదని నర్సుగా మీకు తెలుసు. సొంతంగా ఒక్క మాట కూర్చలేనివారు చిన్ననాటి పాటనో ప్రార్థననో అందుకుని పలకడం కూడా మీరు వార్డులో చూసే ఉంటారు. మీ మామగారి తరం లూథరన్లకు చిన్న కేటకిజం అలా ఒంటబట్టి ఉంటుంది. దాన్ని లూథర్ 1529లో రాశాడు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరులో అడుగుపెట్టడానికి దాదాపు నూరేళ్ల ముందే, 1746లో, బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ దాన్ని తెలుగులో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన మొట్టమొదటి పుస్తకాల్లో అది ఒకటి. ఇంట్లో ఇంటి యజమాని తనవారికి నేర్పడానికి రాసిన పుస్తకమది. పొద్దున చేయవలసిన ప్రార్థన అందులోనే ఉంది. అది ముగించి సంతోషంగా నీ పనికి వెళ్లు అని రాశాడు లూథర్, ఇంకో గంట కూర్చోమనలేదు. ఆ ప్రార్థన మామగారి పక్కన కూర్చుని గట్టిగా చదవండి. "పరలోకమందున్న మా తండ్రీ" దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించి, తర్వాతి మాట ఆయనకు వదిలిపెట్టి చూడండి. పలకకపోయినా మానవద్దు. ఆయన తరఫున మీరు పలకండి.

ఇంకొకటి మీరు రాయలేదు గాని అడగాలనిపిస్తోంది. మంచాన పడ్డాక ఆయనకు ప్రభురాత్రి భోజనం అందిందా? అందకపోతే ఈ వారమే మీ పాస్టరుగారికి ఫోను చేసి ఇంటికి రమ్మనండి. మింగడం కష్టమని ముందే చెప్పండి, రొట్టెను చాలా చిన్న ముక్కగా ద్రాక్షారసంలో నానబెట్టి ఇస్తారు. ఆ రోజు మీ వారిని ఇంట్లో ఉండమనండి. మీరూ, ఆయనా పెద్దాయనతోపాటే పుచ్చుకోండి.